బూట్లతో తూకం

పైన్ ఫోర్క్, కెంటకీ
12 అక్టోబరు 2015

చెల్లెలు ఐవాకు,

నువ్వు పంపిన నీలం చొక్కాలవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళకు ఇంటికొచ్చి సేవ చేసే మీ కంపెనీవాళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగాయన. మగాయన వచ్చినప్పటినుంచి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నా ఇంట్లో అంత నవ్వొచ్చే సంగతి ఏముందో నాకు తెలియలేదు. నర్సమ్మ నన్ను త్రాసు ఎక్కమంది. అప్పుడే కట్టెల కొట్టంలోంచి వచ్చాను, కాళ్ళకు గని బూట్లు, ఒంటిమీద బరువు కోటు ఉన్నాయి. విప్పబోతే, "పర్లేదు పెద్దాయనా, అలాగే నిలబడండి" అన్నట్టు చెయ్యి ఊపింది. నూట ఎనభై ఆరు పౌన్లు వచ్చాను. తరవాత ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది, కాగితాలు తిప్పింది, ఏదో చెప్పింది. ముప్పై ఏళ్ళు బొగ్గుగని కప్పుకు బోల్టులు బిగించే మోతలో ఉన్న చెవులు కదా, ఒక్క ముక్కా ఎక్కలేదు. చివరికి కాగితం మీద రాసి చూపించింది: ఆరు నెలలు.

అంతకు మించి ఉండనట. ఊపిరితిత్తులట. ఆగస్టులో నిమోనియాతో పడుకున్నప్పుడే నాకు అనిపించింది. మీ వదిన ఆపల్ పోయి నాలుగు నెలలైంది, నేను మాత్రం ఇక్కడ ఎవరికోసం కూర్చోవాలి? "మీ చెల్లెలే మీ పేరు ఇచ్చింది" అని ఆ నవ్వులాయన రాసి చూపించాడు. ఐవా, వాళ్ళ కాగితం నేను నమ్మలేదు, నిన్ను నమ్మాను. ముప్పై ఏళ్ళుగా నర్సువి, పోయేవాళ్ళను ఎందరినో చూసినదానివి. నువ్వు ఊరికే పేరు ఇవ్వవు.

ఇక వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ట్వైలా అని ఒక పిల్ల వస్తుందట. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదన్నారు, అంతా వాళ్ళే చూసుకుంటారట. కళ్ళలో శుక్లాలు కూడా తీయించుకోను. ఆరు నెలలకు కొత్త కళ్ళెందుకు?

ఆపల్ చేసినట్టే సామాను అడుగున కాగితపు పట్టీలు అంటించి పేర్లు రాస్తున్నాను, ఏది ఎవరికి చెందాలో. గోడ గడియారం నీకు. కుర్చీలు ఆరున్నాయి, మూడింటికే పేర్లు దొరికాయి. ఇంకెవరున్నారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఫోను చేయకు, వినపడదు. పెద్ద అక్షరాలతో ఉత్తరం రాయి.

నీ అన్న,
డెల్మర్

డేటన్, ఒహైయో
26 అక్టోబరు 2015

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు ఆగస్టులో మంచం పట్టిన మాట నిజమే. సెప్టెంబరులో లేచి కట్టెలు కొట్టిన మాట కూడా నిజమే. ఆరు నెలల్లో పోయేవాడు కట్టెలు కొట్టడు అన్నయ్యా. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకు. ఎవరు వద్దన్నా మానకు.

(ఇక్కడ మూడు వరుసలు సిరాతో గట్టిగా కొట్టివేసి ఉన్నాయి.)

పైది పట్టించుకోకు, కలం సరిగా సాగలేదు. ఇక్కడ ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. కొన్ని కాగితాలు చూశాను, మనసు బాగాలేదు, అంతకన్నా ఏమీ లేదు. ఆ గడియారం గోడమీదే ఉండనీ. దానికి నేను తొందరపడటం లేదు.

నీ
ఐవా

పైన్ ఫోర్క్
9 డిసెంబరు 2015

ఐవాకు,

డాక్టరు, డాక్టరు అంటున్నావు. పేరు ఇచ్చింది నువ్వే, ఇప్పుడు వద్దంటున్నదీ నువ్వే. తోడబుట్టినవాడు పోతాడంటే ఎంత నర్సుకైనా తట్టుకోవడం కష్టమని ట్వైలా రాసి చూపించింది. నేనూ అలాగే అర్థం చేసుకున్నాను, నీ మీద కోపం లేదు. కాని అలా వరుసలు వరుసలు కొట్టేసి కాగితం దండగ చేయకు. అమ్మ చూస్తే చెవి మెలేసేది.

ట్వైలా గురించి చెప్పాలి. ముప్పై దాటి ఉంటాయి, చెయ్యి చాలా సున్నితం. గడ్డం గీస్తుంది, మంచం మీద బొంత దులుపుతుంది, చర్చి పాటలు పాడుతుంది. నాకు వినపడకపోవడం తన అదృష్టమట. "మా ఇంట్లో నేను పాడితే కుక్క బయటికి పోతుంది, మీరొక్కరే కూర్చుంటారు బాబాయ్" అని పలకమీద రాసింది. నేను ఎంతసేపు నవ్వానో. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గొస్తే తను కాగితంలో ఏదో రాసుకుంది. మంగళవారం పొద్దున ఆరింటికే నాకు మెలకువ వస్తుంది. బుధవారం, గురువారం మాత్రం గడియారం చూస్తూ కూర్చుంటాను.

వచ్చే ఏడు తోట వేయను. చిక్కుళ్ళు పందిరెక్కేసరికి నేను ఉండను కదా. అందుకని అమ్మ చిక్కుడు గింజల సీసా నీకు పార్శిల్ చేశాను. అమ్మమ్మ కాలం నుంచి ఒక్క ఏడాది తప్పకుండా వేసిన గింజ, పాడు చేయకు. ఆపల్ సమాధి రాయి పని కూడా అయింది. మే నెలలో వస్తే చూద్దువుగాని, నీకు నచ్చుతుంది.

నీ అన్న

డేటన్
20 ఫిబ్రవరి 2016

అన్నయ్యకు,

గింజలు చేరాయి. ఆ సీసా వంటింటి కిటికీలో పెట్టుకున్నాను.

ఉద్యోగం పోయింది. మానేశానని చెప్పుకోవచ్చు, పొమ్మన్నారని చెప్పుకోవచ్చు, రెండూ ఒకటే. ఇప్పుడు ముసలివాళ్ళ ఆశ్రమంలో పగటి డ్యూటీ చేస్తున్నాను. ఎందుకని అడగకు. నా మీద ఒక ఆన ఉంది, కొన్ని సంగతులు ఎవరితోనూ, తోడబుట్టినవాడితో కూడా, చెప్పకూడదు. ఇది నా ఇష్టం కాదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఎక్కడ నొప్పో అరిచి చెప్పడానికి లేదు.

(రెండు వరుసలు కొట్టివేత.)

ఒక్క మాట మాత్రం చెప్పగలను. వేరే డాక్టరు చేత చూపించుకో. నువ్వు పోతావని నేను అనుకోవడం లేదు.

ఐవా

పైన్ ఫోర్క్
6 జూన్ 2016

ఐవా,

వారం రోజులు కోపం చల్లారాక రాస్తున్నాను. సమాధులకు పూలు పెట్టే ఆదివారం నాడు నాలుగు గంటలు కారు నడిపి వచ్చావు. కొండెక్కావు. రాయి చూశావు. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చి, భోజనానికి కూడా కూర్చోకుండా వెళ్ళిపోయావు. ట్వైలా సెలవు మానుకుని నీకోసం ఆపిల్ పొరల కేకు చేసుకొచ్చింది. ఆ నీలం చొక్కా చూడగానే మొహం తిప్పుకున్నావు. ఆ పిల్ల నీకేం అపకారం చేసింది?

రాయి సంగతి చెబుతాను. ఆపల్ తారీఖు చెక్కడానికి హెర్షెల్ వచ్చాడు. అతనికీ డెబ్భై దాటాయి, పనిముట్లు మోసుకుని మళ్ళీ ఆ కొండ ఎక్కాలంటే ప్రాణం పోతుంది. "నీదీ ఇప్పుడే కానిచ్చేయనా డెల్మరూ? నెలా రోజూ అక్కర్లేదు, పోయే ఏడాది ఒక్కటీ వేస్తే సరిపోతుంది" అని చెవిలో అరిచాడు. ఏప్రిల్‌కి ఆరు నెలలూ అయిపోతాయి. ఎటు చూసినా 2016 దాటను. నాకు సబబే అనిపించింది. పక్కపక్కన రెండు పేర్లూ, రెండు ఏళ్ళూ ఎంత పొందిగ్గా కుదిరాయో నువ్వు సరిగ్గా చూడనేలేదు.

నాకు తోచింది ఒక్కటే. రాయికి అటుపక్క నీకు చోటు మిగల్చలేదని కోపం వచ్చి ఉంటుంది. అమ్మ పక్కన ఇంకా జాగా ఉంది, అది నీకే. అందుకోసం కేకు వదిలేసి పోవాలా?

లేదంటే నన్ను చూసి ఏడ్చావు. అదే అయితే నాకు జవాబు దొరికినట్టే. ఉత్తరాల్లో పోవు, పోవు అంటావు, ఎదురుగా చూస్తే ఏడుస్తావు. కాగితం అబద్ధమాడుతుంది గాని మొహం ఆడదు. ఈమధ్య మళ్ళీ తూచారు, ఈసారి మేజోళ్ళతో. నూట డెబ్భై నాలుగు. దండచేతి చుట్టూ టేపు కూడా చుట్టి కొలిచారు. తగ్గిపోతున్నానని రాసుకున్నారు. ఇంకో రెండు నెలలకు కాగితం పొడిగించారు. సంతకం పెట్టిన డాక్టరును నేను ఇంతవరకు చూడలేదు. తీరుబడి లేదేమో పాపం.

డెల్మర్

డేటన్
15 జూన్ 2016

అన్నయ్యా,

జాగా కోసం కాదు. అమ్మ మీద ఒట్టు, జాగా కోసం కాదు.

నువ్వు చెప్పింది చేయనని నేనెప్పుడైనా ఎదురాడానా? ఈ ఒక్కసారి నేను చెప్పింది నువ్వు చెయ్యి. దాణా కొట్టుకి వెళ్ళి, బస్తాలు తూచే త్రాసు మీద నిలబడు. బూట్లు వేసుకునే నిలబడు. గని బూట్లు, ఆ బరువు కోటు, పోయిన అక్టోబరులో ఉన్నట్టే. ఎంత వచ్చిందో చూసుకో. కారణం అడగకు.

(నాలుగు వరుసలు కొట్టివేత. కాగితం ఒకచోట చిరిగింది.)

ట్వైలాకి నా తరఫున క్షమాపణ చెప్పు. తన తప్పేమీ లేదు. కేకు ఎలా ఉంది?

ఐవా

పైన్ ఫోర్క్
4 జనవరి 2017

చెల్లీ,

రాయి ప్రకారం నేను పోయి నాలుగు రోజులైంది. ఇక్కడ చలి బాగానే ఉంది, అక్కడ ఎలా ఉందో.

నవ్వకు. నేను నవ్వలేకపోతున్నాను. పోయినేడు చర్చిలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి ప్రార్థన చేశారు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను వద్దంటున్నా ఒకళ్ళ తరవాత ఒకళ్ళు గిన్నెల్లో వండి తెచ్చారు. ఇప్పుడు కొట్టుకి వెళితే, "ఇంకా ఉన్నావా డెల్మరూ?" అని చెవిలో అరుస్తున్నారు. హాస్యానికే అంటారు. అయినా వాళ్ళను మోసం చేసినవాడిలా తల వంచుకుని ఇంటికొస్తాను. చర్చికి వెళ్ళడం మానేశాను. పేరు రాసి ఉన్న మూడు కుర్చీల్లో ఒకటి తీసుకెళ్ళినవాడు, నేను ఎదురైతే పక్కసందులోకి తప్పుకుంటున్నాడు. కుర్చీ తిరిగి అడుగుతానని భయమేమో.

దాణా కొట్టు త్రాసు సంగతి నాకు అర్థం కాలేదు, వెళ్ళలేదు. బూట్లతో తూచుకోమనడం ఏమిటి? నర్సువి, అంతకంటే తెలివైన సలహా దొరకలేదా? నీ ఉత్తరాలు ఇప్పుడు కిటికీ దగ్గర పెట్టుకుంటే తప్ప కనపడటం లేదు. నువ్వు కొట్టేసినవి, ఉంచినవి, అన్నీ నాకు ఒకే మసకగా ఉన్నాయి.

మంగళవారాలే లేకపోతే నాకు ఏడాదంతా ఒకే రోజు. ఎవరికీ చెప్పకు, ఈమధ్య ట్వైలా వచ్చే ముందు కొంచెం నీరసంగా కనిపించేలా బొంత కప్పుకుని కూర్చుంటున్నాను. బాగున్నానని తెలిస్తే రావడం మానేస్తారని భయం.

డెల్మర్

డేటన్
29 జనవరి 2017

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆశ్రమంలో, భోజనాల గదిలో చదివాను. పక్కన కూర్చున్న ముసలమ్మ, "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. లేదమ్మా, ఉన్నారు అన్నాను.

నాకూ ఇక్కడ ఎవరూ లేరు. పాత ఆఫీసువాళ్ళు దారిలో కనపడితే పలకరించరు. పదకొండేళ్ళు ఒక బల్ల మీద అన్నం తిన్నవాళ్ళు. ఆదివారం ఇస్త్రీ చేసుకుంటాను, కిటికీలో సీసా వంక చూస్తాను, ఇంకో సోమవారం కోసం ఎదురుచూస్తాను. మరి నా దగ్గరికి రాకూడదా అంటావు. నీ ఇంట్లో నీలం చొక్కా ఉన్నంతకాలం రాకూడదు, అదీ ఆ ఆనలో భాగమే. రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది నాది.

కళ్ళ ఆపరేషన్ చేయించుకో. వాళ్ళ కాగితాల్లో నీ పేరు ఉన్నా సరే, కళ్ళకు ఆ కాగితాలకు సంబంధం లేదు, ప్రభుత్వ బీమా చేయిస్తుంది. నేను కనుక్కున్నాను.

(ఒక వరుస కొట్టివేత.)

ఐవా

పైన్ ఫోర్క్
18 సెప్టెంబరు 2017

ఐవా,

నీలం చొక్కాలవాళ్ళు వెళ్ళిపోయారు.

పోయిన గురువారం ఎవరో కొత్త మనిషి వచ్చి, మంచం పక్కన పెట్టిన ప్రాణవాయువు మిషను, త్రాసు, అన్నీ బండిలో వేసుకున్నాడు. ఒక కాగితం ఇచ్చాడు. రోగి పరిస్థితి మెరుగుపడినందున సేవ ముగించడమైనది అని ఉందట, పక్కింటి పిల్ల చదివి రాసి చూపించింది. అంటే నేను చావనందుకు వెళ్ళగొట్టారు. రెండేళ్ళు నాకు చావు నేర్పి, సరిగా నేర్చుకోలేదని పేరు కొట్టేశారు. ఈ లోయలోనే పద్నాలుగు మందిని ఇలా తీసేశారు. మా ఊరి శాఖకు తాళం పడింది.

ట్వైలా ఉద్యోగం పోయింది. లెక్సింగ్టన్‌లో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు వచ్చి గడ్డం గీసింది.

ప్రభుత్వం వాళ్ళు విచారణ చేస్తున్నారట. ఎవరో లోపలి మనిషే చాడీలు చెప్పిందని, ఒహైయోలో ఒక నర్సని అనుకుంటున్నారు. పని చేసినచోటే నిప్పు పెట్టింది. ఆవిడకేం, హాయిగా ఉండి ఉంటుంది. నా మంగళవారాలు తీసుకుపోయింది. పద్నాలుగు ఇళ్ళలో ఎవరూ తలుపు తట్టకుండా చేసింది. ఆవిడ ఇంటి తలుపు కూడా ఎవరూ తట్టకుండా పోవాలని రోజూ కోరుకుంటున్నాను.

నీతో పనిచేసినవాళ్ళలోనే ఎవరో అయి ఉంటుంది. నీకు తెలుసా ఆ మనిషి?

డెల్మర్

డేటన్
21 నవంబరు 2017

అన్నయ్యకు,

తెలుసు. ఆ మనిషిని నేనే.

నిన్న కోర్టు సీలు తీసేసింది. ఈ రోజు నుంచి ఎవరితోనైనా చెప్పొచ్చు. రెండేళ్ళలో నేను మాట్లాడాలనుకున్నది నీ ఒక్కడితోనే. అక్షరాలు పెద్దగా రాస్తున్నాను, పక్కింటి పిల్ల చేత చదివించకు, నువ్వే చదువు.

మా ఆఫీసులో టీ తాగే గదిలో ఒక బోర్డు ఉండేది. నెలకు మూడు పేర్లు తేవాలి, ఒక్కో పేరుకు ఒక్కో బంగారు నక్షత్రం అంటిస్తారు, చిన్నపిల్లల బడిలో లాగే. పోయేవాళ్ళ పేర్లే తేవాలని నోటితో అనేవారు, పేర్లు తేవాలని బోర్డు అనేది. 2015 సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన నా పేరు పక్కన రెండే నక్షత్రాలున్నాయి. మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఇంకో రెండు రోజులుంది ఐవా, మీవాళ్ళెవరూ లేరా? కొండల్లో మన శాఖ ఉంది, అదీ లెక్కే" అన్నాడు. నీ పేరు చెప్పాను. నిమోనియా వచ్చిందని, వదిన పోయిందని, ఒంటరిగా ఉన్నాడని చెప్పాను. ఎవరైనా వెళ్ళి చూస్తూ ఉంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. నక్షత్రం కోసం చెప్పాననేది ఇంకా నిజం. నువ్వు పోతావని నేను ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. నువ్వేమో "నిన్ను నమ్మాను" అని రాశావు.

నీ మొదటి ఉత్తరం అందిన వారంలోనే, డాక్టరు ముందే సంతకాలు పెట్టి ఇచ్చిన ఖాళీ ఫారాల కట్ట నా కంట పడింది. పేరు రాయని కాగితం మీద "ఆరు నెలలకు మించి బతకరు" అని సంతకం. అప్పుడు నీ బూట్లు అర్థమయ్యాయి. మొదటిసారి బూట్లతో, తరవాత మేజోళ్ళతో తూస్తే, ఏ మనిషైనా చిక్కిపోతున్నట్టే కనిపిస్తాడు. చిక్కిపోతున్నాడని కాగితంలో ఉంటే ప్రభుత్వ బీమా మా కంపెనీకి రోజూ డబ్బు కడుతూనే ఉంటుంది. మేనేజరును అడిగాను. జనవరిలో వెళ్ళగొట్టారు.

మన అంతర్యుద్ధం నాటి చట్టం ఒకటి ఉంది. సైన్యానికి కుంటి గుర్రాలను, రంపపు పొట్టు కలిపిన మందుగుండును అమ్మినవాళ్ళ కోసం చేసింది. ప్రభుత్వాన్ని తప్పుడు బిల్లులతో మోసం చేసేవాళ్ళ మీద మామూలు మనిషి కూడా ప్రభుత్వం తరఫున దావా వేయొచ్చు. వేశాను. వేసిన రోజునుంచి అది సీలు కింద ఉంటుంది. దావా ఉందని కూడా ఎవరికీ చెప్పకూడదు, చెబితే దావా చెడుతుంది. నువ్వు వాళ్ళ రోగివి, రేపు సాక్షివి అవుతావేమో, నీతో అసలు ఆ ఊసే ఎత్తొద్దని లాయరు అన్నాడు. అరవై రోజులే అన్నారు. నీ ఆరు నెలలను వాళ్ళు పొడిగించినట్టే, నా అరవై రోజులను కోర్టు పొడిగిస్తూ పోయింది. బూట్ల గురించి నువ్వు రాసిన ఉత్తరాలు ఇమ్మని లాయరు అడిగాడు. ఇవ్వలేదు. అవి నావి.

సీలు ఉందని చెప్పాను గాని, అది నాకు సాకు కూడా అయింది అన్నయ్యా. దావా సంగతి చెప్పకూడదు, నిజమే. కాని నక్షత్రం సంగతి చెప్పడానికి మొదటి నాలుగు నెలలు ఏ కోర్టు అడ్డం? సిగ్గు అడ్డం. రాయి మీద 2016 చూసినప్పుడు, ఆ అంకె చెక్కింది హెర్షెల్ కాదు, నేను అనిపించింది. అందుకే కేకు తినలేకపోయాను.

కంపెనీ తప్పుకు పరిహారం కడుతోంది. పద్ధతి ప్రకారం అందులో నాకూ వాటా వస్తుంది. దాని గురించి ఇంకెప్పుడైనా.

నా తలుపు ఎవరూ తట్టకూడదని కోరుకున్నావు. ఎవరూ తట్టడం లేదు. ఆ కోరిక తీరింది, ఇంకొకటి కోరుకో.

ఐవా

డేటన్
23 డిసెంబరు 2017

అన్నయ్యా,

జవాబు రాలేదు. ఉత్తరం చేరిందో లేదో అని పోస్టాఫీసులో అడిగాను. చేరిందన్నారు.

ఐవా

డేటన్
11 ఫిబ్రవరి 2018

అన్నయ్యా,

ఒక్క కాగితం మీద "ఉన్నాను" అని రాయి చాలు. తిట్టనక్కర్లేదు, క్షమించనక్కర్లేదు. ఉన్నావని రాయి.

ఐవా

పైన్ ఫోర్క్
16 ఏప్రిల్ 2018

ఐవా,

ఉన్నాను.

నవంబరులో నీ ఉత్తరం అందిన రోజునే దాన్ని పొయ్యిలో వేద్దామనుకున్నాను. పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. నక్షత్రం కోసం నా పేరు చెప్పావని చదివినప్పుడు నాకు వచ్చింది కోపం కాదు, ఇంకేదో. నీకు నడక నేర్పింది నేను. గడియారం అడుగున నీ పేరున్న పట్టీ పీకేశాను. తరవాత ట్వైలాకు ఒక పెద్ద ఉత్తరం రాశాను, నిన్ను నానా మాటలూ అంటూ.

దానికి తను జవాబు రాయలేదు, మార్చిలో మనిషే దిగింది. లెక్సింగ్టన్ నుంచి, సెలవు రోజున, పెట్రోలు తగలేసుకుని. నేను ముందే పలక ఇచ్చాను. చాలాసేపు రాసింది. బూట్లు విప్పి తూచమని తనకు పైవాళ్ళు చెప్పారట. దగ్గితే రాయి, నవ్వితే రాయకు అన్నారట. "నాకు ఇద్దరు పిల్లలు బాబాయ్, నోరు మూసుకున్నా. మీ చెల్లెలు తెరిచింది. ప్రభుత్వం మనిషి వచ్చి అడిగినప్పుడు నేనూ చెప్పేశా, ఆవిడ ముందుండబట్టే" అని రాసింది. తన రాత నాకు కనపడక రెండుసార్లు చెరిపి పెద్దగా రాయాల్సి వచ్చింది. చివరికి పలక పక్కన పడేసి, నన్ను కారెక్కించి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక కన్ను మార్చిలోనే చేశారు, రెండోది పోయిన వారం. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు, నా విషయంలో చావు తప్పి కన్ను బాగుపడింది. ఊపిరితిత్తుల డాక్టరమ్మను కూడా చూశాను. గని పనివాడికి ఉండాల్సినంత మసి ఉందట, దానితోనే పోతానని మాత్రం పూచీ ఇవ్వలేనంది. మొత్తానికి బతికి బట్టకట్టాను.

కట్టు విప్పాక మొదట చూసింది ఇంట్లో దుమ్ము. రెండోది నీ ఉత్తరాలు. అన్నీ తీసి కిటికీకి ఆనించి మళ్ళీ చదివాను. ఎండ వెనకనుంచి పడితే, నువ్వు కొట్టేసిన వరుసలు కూడా కనపడుతున్నాయి ఐవా. నువ్వు చిన్నప్పటినుంచి కలం గట్టిగా నొక్కుతావు. 2015 అక్టోబరు ఉత్తరంలో, "అన్నయ్యా, నీ పేరు నేను ఊరికే ఇచ్చాను, నన్ను నమ్మకు" అని ఉంది. ఫిబ్రవరి దాంట్లోనూ ఉంది. చిరిగినదాంట్లో సగమే చదవగలిగాను. జనవరిది ఒక్క వరుస. అది ఇక్కడ రాయను, నాకు తెలుసు, నీకు తెలుసు.

ప్రతిసారీ రాశావు. ప్రతిసారీ కొట్టేశావు. నేను కాగితం దండగ అన్నాను.

నిన్న దాణా కొట్టుకి వెళ్ళి బస్తాల త్రాసు ఎక్కాను. గని బూట్లు, కోటు. నూట తొంభై ఒకటి. కొట్టువాడు, "ఇంకా ఉన్నావా డెల్మరూ?" అన్నాడు. "ఉన్నాను, ఐదు పౌన్లు ఎక్కువే ఉన్నాను" అన్నాను.

హెర్షెల్ రాయి చూశాడు. ఆ అంకెను రాతిపొడితో పూడ్చి మళ్ళీ చెక్కొచ్చుగాని మచ్చ కనపడుతుందట. ఇప్పుడేం వద్దన్నాను. అవసరం పడినప్పుడు సరైన ఏడాది దగ్గరుండి చెక్కించడం నీ పని. నీ వాటా సంగతి నాకు చెప్పకు, అది నాకేం అక్కర్లేదు. కంపెనీ కట్టేది నాకు కట్టాల్సింది కాదు. రెండేళ్ళు తోట వేయలేదు, అది ఎవరు కడతారు?

అమ్మ చిక్కుడు గింజలు నీ కిటికీలో ఉన్నాయన్నావు. మూడో ఏడు కూడా దాటితే మొలకెత్తవు. ఇక్కడ మంచు కురవడం ఆగింది, మట్టి తవ్వి ఉంచాను. సీసా తీసుకుని రా. మంగళవారం రా, ఆ రోజు ఈ ఇంటికి ఒక మనిషి రావడం నాకు అలవాటైపోయింది. తలుపు తట్టకు, నాకు వినపడదు. నేను గుమ్మంలోనే కూర్చుని ఉంటాను, బూట్లు వేసుకుని.

నీ అన్న,
డెల్మర్